పుత్లీబౌలీ వైపు గోడ

హైదరాబాద్ మక్కా మసీదు మెట్లు దిగీదిగగానే జనం మిమ్మల్ని తోసుకుపోతున్నారు. 1857 జూలై 17, శుక్రవారం. నమాజు అయిపోయింది, ఇంటిదారి పట్టినవాడు లేడు. ముందు తుర్రెబాజ్ ఖాన్, పక్కన మౌల్వీ అలావుద్దీన్, వెనక దాదాపు 500 మంది రొహిల్లా పఠాన్లు. మీరూ కలవండి. మూసీ దాటాలి.

ఎక్కడికంటే, ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి రెసిడెంటు ఉండే కోఠీ రెసిడెన్సీకి. ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల మీద యుద్ధానికి పోనని బుల్దానా నుంచి తప్పించుకొచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను నిజాం దివాన్ సాలార్‌జంగ్ పట్టించి ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పాడు. అతన్ని విడిపించాలి.

పొద్దు వాలుతోంది. పుత్లీబౌలీలో షావుకార్లు అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాస్‌ల మేడలు మనవాళ్ల చేతికొచ్చాయి. ఎక్కండి. గోడ అవతల తోటంతా కనిపిస్తుంది. చెట్ల వెనక ఆకాశానికి లేచిన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. ఇంగ్లండులో దొరల బంగళాలు ఇలాగే ఉంటాయట. ఈ రెసిడెన్సీని కట్టించింది ఒకప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, సొమ్ము మాత్రం నిజాముది. తోటలో ఆయన భార్య ఖైరున్నీసా రంగమహల్ ఉంది. పరదా దాటి రాలేని ఆమె చూసుకోవాలని ఈ భవనానికే చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించాడంటారు. ఇంత పెద్ద ఇంటి ముఖం ఇంటావిడకు బొమ్మలోనే దక్కింది!

కింద కేకలు. తోట గేటు విరిగింది.

దూకుతారా? మేడ మీదే ఉంటారా?

దూకినవాళ్ల మీద ఫిరంగి పేలింది. లోపలివాళ్లకు సాలార్‌జంగ్ ముందే కబురంపాడు. మద్రాసు ఫిరంగిదళం కాచుకుని ఉంది. గోడ పెచ్చులు కళ్లలో పడుతున్నాయి. తల దించండి. మళ్లీ పేలింది. పక్కవాడు ఒరిగాడు. అతని తుపాకీ అందుకోండి. కాల్చండి. మందు కూరండి. చీకటి. పొగ. దాహం.

తెల్లవారుజామున మేడ ఖాళీ అవుతోంది. పరుగెత్తండి.

తుర్రెబాజ్ పట్టుబడతాడు, జైలు నుంచి తప్పించుకుంటాడు, 1859లో తూప్రాన్ దగ్గర చంపేస్తారు. అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపుతారు. రెసిడెన్సీ చుట్టూ కోటగోడలు లేస్తాయి. 1860లో రంగమహల్‌ను ఇంగ్లీషువాళ్లే పడగొడతారు. బయటివాళ్లు కూల్చని ఇల్లది, అందుకే నాకు కడుపు మండుతుంది.

1949లో రెసిడెన్సీ భవనం ఆడపిల్లల కాలేజీ అయింది. గోదావరిఖని నుంచి బిడ్డను చేర్పించడానికి వస్తే, కోఠీ బస్టాండు దగ్గర 1857 స్మారకం ముందు ఆగి తుర్రెబాజ్ సంగతి ఆమెకు చెప్పండి.