పెట్టె మీది అంకె, తెర మీది ఆట



వీడియో గేమ్ అనగానే ఇది పిల్లల సంగతి, మనకెందుకని రేడియో కట్టేయబోతున్నారేమో, కాస్త ఆగండి. 2020 నవంబరులో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ధర 49,990 రూపాయలు. మూడు నెలల తరువాత వచ్చిన ప్లేస్టేషన్ 5 ధర కూడా సరిగ్గా అంతే. భంజనగర్‌లోనో ఆస్కాలోనో మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఇంట్లో కుర్రవాడేమో "నాన్నా, దీనికి పన్నెండు టెరాఫ్లాపులు, దానికి పదే" అంటాడు. టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేయగల శక్తి. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడానికి కొంత చరిత్ర ఉంది.

ఈ అంకెల మోజు కొత్తదేమీ కాదు. జపానులో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్ యంత్రానికి నకళ్లు 1990లలో మన దేశంలో టీవీ గేమ్ అనే పేరుతో విరివిగా అమ్ముడుపోయాయి. క్యాసెట్ మీద 9999 ఆటలు అని అచ్చువేసి ఉండేది. లోపల పదో ఇరవయ్యో ఆటలుండేవి, వాటినే పేర్లు మార్చి మళ్లీ మళ్లీ వరుసలో పెట్టేవారు. అది పచ్చి మోసం. పెద్ద కంపెనీల అంకెలు అలాంటివి కావు. అవి అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు.

సెగా కంపెనీ 1988లో తెచ్చిన మెగా డ్రైవ్ ప్రాసెసర్ వేగం దాదాపు 7.6 మెగాహెర్ట్జ్. 1990లో నింటెండో తెచ్చిన సూపర్ ఫామికామ్ వేగం 3.58 మాత్రమే. కానీ నింటెండో యంత్రం తెర మీద ఒకేసారి 256 రంగులు చూపగలిగేది, సెగా యంత్రం మామూలుగా 64 చూపేది. శత్రు విమానాలు గుంపుగా వచ్చినప్పుడు నింటెండో ఆటలు కొన్ని నత్తనడక నడిచేవి. ఏ యంత్రం గొప్పదని అడిగితే, ఏ ఆట ఆడతావని ఎదురు అడగవలసిందే.

అసలైన పాఠం ఆ తరువాత వచ్చిన మరో తరంలో ఉంది. మైక్రోసాఫ్ట్ 2005లో ఎక్స్‌బాక్స్ 360ని, సోనీ 2006లో ప్లేస్టేషన్ 3ని విడుదల చేశాయి. అంతకుముందు చేసిన ప్రకటనల్లో మైక్రోసాఫ్ట్ తన యంత్రానిది ఒక టెరాఫ్లాప్ అంటే, సోనీ తనది రెండు అంది. మరి ఆట రెట్టింపు బాగుండాలి కదా?

మన భంజనగర్ జలాశయం సంగతి మీకు తెలుసు. జలాశయం నిండుగా ఉన్నా తూము సన్నగా ఉంటే చివరి మడికి నీరందదు. ఎక్స్‌బాక్స్‌లో 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి ఒకే చెరువులా ఉండేది, బొమ్మలు గీసే చిప్ ఎంత కావాలంటే అంత తోడుకోవచ్చు. సోనీ అంతే నీటిని 256 చొప్పున రెండు చెరువులు చేసింది. ఒకటి ఎండితే రెండోదాని నుంచి తెచ్చుకోవడం తేలిక కాదు. పైగా సోనీ వారి సెల్ ప్రాసెసర్‌లో ఒక మేస్త్రీ, ఆటల పనికి ఆరుగురు కూలీలు. ఒక్కొక్క కూలీ చేతిలో 256 కిలోబైట్లు మాత్రమే పట్టే చిన్న తట్ట. ఎవరికి ఏ తట్ట ఎప్పుడు అందించాలో ప్రోగ్రాం రాసేవాడే చూసుకోవాలి. 2009లో బయోనెట్టా అనే ఆట వచ్చింది. ఎక్స్‌బాక్స్ కోసం తయారు చేసినదాన్ని ప్లేస్టేషన్ 3కి మార్చేసరికి ఆట తడబడింది. సినిమా సెకనుకు 24 బొమ్మలతో సాగుతుంది, ఇలాంటి వేగమైన ఆటకు 60 కావాలి. ప్లేస్టేషన్‌లో అన్ని అందలేదు. అయితే అదే ఏడాది సోనీ సొంత సంస్థ నాటీ డాగ్ ఆ కూలీల చేత ఒడుపుగా పని చేయించి అన్‌చార్టెడ్ 2 తెచ్చింది. చూసినవాళ్లు ఆ దృశ్యాల నాణ్యతను మెచ్చుకున్నారు. యంత్రం మాత్రం అదే.

అంకె నిజం చెప్పిన సందర్భమూ ఉంది. 2013లో ప్లేస్టేషన్ 4ది 1.84 టెరాఫ్లాపులు, ఎక్స్‌బాక్స్ వన్‌ది 1.31. రెండింటి నిర్మాణం దాదాపు ఒకటే కాబట్టి తేడా తెర మీద కూడా కనిపించింది. కాల్ ఆఫ్ డ్యూటీ గోస్ట్స్ ఆటను మొదటిది 1080 వరుసల్లో చూపితే, రెండోది 720 వరుసల్లోనే గీసింది.

ఇక మన కుర్రవాడి లెక్కకు వద్దాం. సిరీస్ ఎక్స్‌ది 12.15, ప్లేస్టేషన్ 5ది 10.28. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల మన తెలుగువాడు కాబట్టి అటు మొగ్గుతామంటే కాదనలేను గాని, తెరకు ఆ అభిమానం తెలియదు. 2020 నవంబరులో అస్సాసిన్స్ క్రీడ్ వల్హాలా ఆటను పక్కపక్కన పెట్టి పరీక్షించినప్పుడు, చిన్న అంకె ఉన్న ప్లేస్టేషనే నిలకడగా నడిచింది. దాని గ్రాఫిక్స్ చిప్‌లో విభాగాలు 36, ఎక్స్‌బాక్స్‌లో 52. కానీ ప్లేస్టేషన్ చిప్ ఎక్కువ వేగంతో తిరుగుతుంది. మన కళింగ ఘాటీ ఎక్కే లారీని చూడండి. ఇంజను బలంతో పాటు బరువు, గేరు, డ్రైవరు చేయి అన్నీ కలిస్తేనే మలుపు దాటుతుంది.

కొద్ది వారాల్లో ఎక్స్‌బాక్స్‌కు సవరణ వచ్చింది. బొమ్మ వివరాన్ని అవసరమైనచోట కాస్త తగ్గించి ఆటను సాఫీ చేశారు. ఆ తరువాత ఆ ఆటలో రెండింటి మధ్య తేడా చాలావరకు తగ్గిపోయింది.