గార్లదిన్నె నుంచి ఉప్సాలా దిన్నెల దాకా

మా ఊరి పేరులోనే దిన్నె ఉంది. స్వీడన్‌లో కూడా దిన్నెలకు పేరుమోసిన ఊరొకటి ఉందని ఫోన్‌లో చెబితే నాన్న నమ్మలేదు. పోయిన మే నెలలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక రోజుకు కారూ గైడూ మాట్లాడుకుని స్టాక్‌హోమ్ నుంచి బయల్దేరాం. గైడు ఇక్కడి ఆమే. ఆమె ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాలి. ఇన్నేళ్లుగా ఇక్కడ బతుకుతూ ఈ దేశం కథను ఒక్కసారి కూడా తెలుగులో చెప్పుకోలేదని ఆ రోజే తెలిసింది.

దారి పొడుగునా నాన్న పొలాలే చూశాడు. "ఇంత పచ్చగుందే, ఈడ వాన ఎంత పడుతుందిరా?"

"ఏడాదికి 550 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ."

నాన్న గిరుక్కున నా వైపు తిరిగాడు. అనంతపురం సగటు వర్షపాతం 552 మిల్లీమీటర్లని శెనక్కాయ వేసే ఆయనకు నోటికొచ్చు. "మనకు పడేదంతేనా!" అంతే. కానీ ఇక్కడ ఎండ వాలుగా పడుతుంది, గాలి చల్లగా ఉంటుంది, మంచు మెల్లగా కరిగి మట్టిలోకి దిగుతుంది. పడిన నీళ్లు నేలలోనే ఉంటాయి. మన దగ్గర పడిన నీళ్లలో ఎక్కువ భాగం ఎండే తాగేస్తుంది. ఆ తర్వాత నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

నిజానికి ఈ ప్రాంతపు చరిత్రంతా నీళ్ల చరిత్రే. మంచుయుగంలో ఈ నేల మీద రెండు మూడు కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. ఆ బరువుకు నేల కుంగింది. మంచు కరిగిపోయి దాదాపు పదివేల ఏళ్లయినా నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. స్టాక్‌హోమ్ దగ్గర ఏడాదికి అర సెంటీమీటరు దాకా. వెయ్యేళ్లకు అది ఐదు మీటర్లు! ఇప్పుడు మేలారెన్ సరస్సు అని పిలిచేది వైకింగుల కాలంలో సముద్రపు పాయ. ఓడలు సిగ్తూనా ఒడ్డుకే వచ్చేవి.

సిగ్తూనా స్వీడన్‌లో ఇప్పటికీ బతికి ఉన్న పట్టణాలన్నిటిలో పాతది. సుమారు 980లో, విజయశాలి అని బిరుదున్న ఎరిక్ రాజు కాలంలో వెలిసింది. ఆయన కొడుకు ఓలోఫ్ 995 ప్రాంతంలో ఇక్కడే స్వీడన్ తొలి నాణేలు ముద్రించాడు. ముద్రించే పనివాళ్లు ఇంగ్లండు నుంచి వచ్చారు. వెయ్యేళ్ల కిందటి వీధి ఇప్పటికీ అదే గీత మీద నడుస్తోంది. రెండు పక్కలా చెక్క ఇళ్లు, మధ్య మధ్యలో కప్పులేని రాతి చర్చిలు. అమ్మ ఒక మొండిగోడ దగ్గర ఆగి, "మన పెనుకొండ మాదిరే ఉంది" అంది.

వైకింగులంటే కొమ్ముల టోపీలు పెట్టుకున్న దొంగలని సినిమాలు నేర్పాయి. కొమ్ముల టోపీ అబద్ధం. దోపిడీ అబద్ధం కాదు. మనుషులను పట్టుకుపోయి బానిసలుగా అమ్మడం కూడా అబద్ధం కాదు, దాన్ని దాచకూడదు. కానీ వాళ్లలో ఎక్కువమంది సేద్యం చేసుకునేవాళ్లే. ఇక్కడి వాళ్లు తూర్పుకు పోయారు. రష్యా నదుల మీదుగా కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్లి బొచ్చుతోళ్లు, బానిసలను అమ్మి అరబ్బుల వెండి తెచ్చుకున్నారు. ఈ నీళ్ల మీద ఎంత దూరపు సరుకు వచ్చేదో చెప్పడానికి ఒక్క బొమ్మ చాలు. మేలారెన్‌లోని హెల్గో దీవిలో 1956లో తవ్వితే అరచేతిలో పట్టే కంచు బుద్ధుడు దొరికాడు. స్వాత్ లోయలో పోతపోసిన బొమ్మ అది. స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఆయన ముందు అమ్మ చెప్పులు విడిచి నిలబడింది.

సిగ్తూనా చుట్టుపక్కల రూన్ అనే పాత లిపిలో చెక్కిన శాసనాల రాళ్లు 150కి పైగా ఉన్నాయి. మన వీరగల్లుల వంటివే, కానీ వీటిమీద బొమ్మ కన్నా రాత ముఖ్యం. పాము ఒంటి మీద అక్షరాలు చుట్టుకుని ఉంటాయి. ఫలానావాళ్లు ఫలానా తండ్రి కోసమో భర్త కోసమో ఈ రాయి నిలబెట్టారని రాస్తారు. ఆత్మశాంతికి వంతెన కట్టించామని కూడా కొన్నిటి మీద ఉంటుంది. మనవాళ్లు బావి తవ్వించినట్టు. రెండు రాళ్లు ఫ్రీస్‌లాండ్ వర్తక సంఘం వాళ్లు వేయించినవి. మన అయ్యావళి ఐదువందల స్వాముల వర్తక సంఘం గుర్తొచ్చింది.

1187లో బాల్టిక్ అవతలి నుంచి వచ్చినవాళ్లు సిగ్తూనాను కొల్లగొట్టారు. ఊరు దెబ్బతిన్నది అందుకేనని చాలామంది చెబుతారు. నాకు మాత్రం నీళ్లే పెద్ద కారణం అనిపిస్తుంది. నేల లేచేకొద్దీ పాయ లోతు తగ్గింది, సముద్రం దూరమైంది. 1252 నాటికి పాయ మూతి దగ్గర స్టాక్‌హోమ్ పేరు కాగితాల్లోకెక్కింది. వ్యాపారం అటు జరిగింది. నీళ్లు ఎటు పోతే ఊరు అటు. ఈ మాట నేను అనలేదు, నాన్న అన్నాడు. పెన్నలో ఇసుక తప్ప ఏమీ చూడని ఏళ్లు ఆయనకు ఎన్నో ఉన్నాయి.

ఉప్సాలా నగరాన్ని తొందరగానే దాటేశాం. 118 మీటర్ల పైచిలుకు చర్చి, 1477 నాటి విశ్వవిద్యాలయం, ఇవి ఎవరైనా చూపిస్తారు. నేను చూపించాలనుకున్నది ఐదు కిలోమీటర్ల అవతలి పాత ఉప్సాలా.

మూడు దిన్నెలు, వరసగా, నున్నటి గడ్డితో. ఆరో శతాబ్దం నాటివి, అంటే వైకింగుల కన్నా ముందువి. శవాన్ని కాల్చి, బూడిద మీద రాళ్లు పేర్చి, వాటిపైన మట్టి పోశారు. 1846లో ఒకదాన్నీ 1874లో ఇంకొకదాన్నీ తవ్వితే కాలిన ఎముకలు, బంగారం ముక్కలు, దంతపు పావులు దొరికాయి. "కాల్చేవాళ్లా, మనలాగా?" అన్నాడు నాన్న. ఇక్కడ తొమ్మిదేళ్లకొకసారి పెద్ద జాతర జరిగేదనీ, జంతువులనూ మనుషులనూ కూడా బలిచ్చి చెట్లకు వేలాడదీసేవారనీ పదకొండో శతాబ్దపు జర్మన్ పాదిరి ఆడమ్ రాశాడు. తాను కళ్లతో చూసింది కాదు, విన్నదే. జంతువుల మాట వరకు నాన్నకు వింత అనిపించలేదు. మా వైపు ఊళ్లలో ఏళ్లకొకసారి వచ్చే దేవర ఆయనకు తెలుసు. మనుషుల మాటకు మాత్రం అమ్మ చెంపలు వేసుకుంది.

అక్కడి పాత చర్చిలోనే ఆండర్స్ సెల్సియస్ సమాధి ఉంది. మే నెలలో మన పేపర్లలో అనంతపురం 42 డిగ్రీలని పడుతుందే, ఆ డిగ్రీలు ఆయనవి. 1742లో ఆయన పెట్టిన కొలత తలకిందులు: మరిగే నీళ్లకు సున్నా, గడ్డకట్టే నీళ్లకు వంద. తర్వాత తిప్పేశారు. నీళ్లు తగ్గుతున్నాయని అనుమానించి 1731లో సముద్రంలోని ఒక బండ మీద నీటిమట్టానికి గీత కొట్టించిందీ ఆయనే. లేచేది నేల అని ఆయనకు తెలియదు. మా నాన్న కూడా బావి గోడ మీద సున్నంతో అట్లాంటి గీతలు గీసేవాడు, ఏ ఏడు నీళ్లు ఎంత దిగాయో తెలియాలని. ఆ మాట గైడుకు చెబితే ఆమె చేతిలోని పుస్తకం మూసేసి, బావి ఎంత లోతని నాన్ననే అడిగింది.

చర్చి గోడలో ఒక రూన్ రాయి ఇమిడి ఉంది. ఇంగ్లండు పోయొచ్చిన సిగ్విద్ తన తండ్రి కోసం నిలబెట్టిందని దాని సారాంశం. చదివి చెప్పాను.

"దేశం పోయినోడు తిరిగొచ్చినాడా?"

"వచ్చినాడు నాన్నా. వచ్చే రాయి వేయించినాడు."

"తండ్రి ఉన్నప్పుడే వచ్చినాడా, పోయినాకనా?"

రాతి మీద అది లేదు. నాన్న చెయ్యి చాపి అక్షరాల గాళ్లలో వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపించాడు. గాలి చల్లగా తగులుతోంది. నా కోటు విప్పి ఆయన భుజాల మీద కప్పాను.