దవడ ఎముకకు అతుకు

పన్ను ఊడిన చోట దవడ ఎముక క్రమంగా తరిగిపోతుంది. నమిలేటప్పుడు పంటి వేరు ద్వారా అందే ఒత్తిడి ఆగిపోవడమే ఇందుకు ముఖ్య కారణం. పళ్లన్నీ రాలిన వృద్ధుల పెదవులు లోపలికి ముడుచుకొని, గడ్డం ముందుకు పొడుచుకొని రావడం మనమెరిగినదే. అంత పలుచబడిన ఎముకలో కృత్రిమ దంతమూలం నిలువదు. ముందుగా ఎముకనే పెంచవలసి వస్తుంది. బోన్ గ్రాఫ్టింగ్ అని వైద్యులు వ్యవహరించే ఈ ఎముక అతుకు చరిత్ర మాత్రం నోటిలో మొదలు కాలేదు.

ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యుడు యోబ్ ఫాన్ మేకరెన్ గ్రంథం ఆయన మరణానంతరం 1668లో వెలువడింది. తలకు కత్తిగాయమైన ఒక రష్యా యోధునికి కుక్క పుర్రె ముక్కను అతికిన ఉదంతం అందులో ఉంది. గాయం మానింది గాని, మనిషి తలలో జంతువు ఎముక ఉండరాదని చర్చి అతనిని వెలివేసింది. దానిని తీసివేయమని అతడు ప్రాధేయపడ్డాడు. తీశారని కొందరు, అప్పటికే కలిసిపోయినందున తీయలేకపోయారని కొందరు చెబుతారు. ప్రాణం దక్కినా సంఘంలో స్థానం దక్కని ఆ మనిషి వేదన ఏ కథనంలోనైనా ఒకటే.

1880 ప్రాంతంలో గ్లాస్గోలో విలియం మెకీవెన్ ఒక బాలుని చేతి ఎముకను ఇతరుల ఎముక ముక్కలతో పునర్నిర్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో దవడలు ఛిద్రమైన సైనికులకు ఈ విద్య అక్కరకు వచ్చింది.

దంతవైద్యంలో మలుపు స్వీడన్‌లో వచ్చింది. 1952లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ రక్తప్రసరణను పరిశీలించేందుకు కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరాన్ని అమర్చాడు. పరిశీలన ముగిశాక అది ఊడి రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొన్నది. వేరొకరు విసుగుపడి విడిచిపెట్టేవారేమో! 1965లో ఆయన తొలిసారిగా ఒక రోగి దవడలో టైటానియం మూలాలను నాటాడు. ఎముక చాలని దవడల సమస్య మిగిలింది. పై దవడలో గాలిగది అడుగున తుంటి ఎముక మజ్జను నింపి ఎముక పెంచే పద్ధతిని 1980లో బోయిన్, జేమ్స్ ప్రకటించారు.

నేడు వాడుకలో ఉన్న ఎముక పొడులలో కొన్ని పశువుల ఎముకల నుండి, కప్పే పొరలలో కొన్ని పంది చర్మం వంటి వాటి నుండి తయారవుతాయి. సేంద్రియ పదార్థాన్ని తొలగించి, శుద్ధి చేసిన ఆ పొడిలో మిగిలేది ఖనిజమే అయినా, రష్యా యోధుని చిక్కు మన దేశంలోని రోగికీ ఎదురు కావచ్చును. అది దేని నుండి వచ్చినదో రోగి అడుగక మునుపే చెప్పడం వైద్యుని విధి. కాల్షియం ఫాస్ఫేటుతో చేసిన కృత్రిమ పదార్థాలూ ఉన్నాయి. రోగి సొంత ఎముక శ్రేష్ఠమైనదే; అయితే దానిని తీసిన గడ్డం వద్దనో, తుంటి వద్దనో మరొక గాయం మానేవరకు ఓర్చుకోవాలి.