మూలబంధం నుంచి కీగెల్ దాకా

ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన పెద్దాయన మంత్రాలయం ప్రయాణం ఎందుకు మానుకున్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పడు. దగ్గితే, లేచి నిలబడితే ఒంటేలు కారుతుంది. తుంగభద్రలో స్నానం చేసి మడితో ప్రదక్షిణలు చేయాలంటే భయం. అడిగితే "వయసైపోయింది లే" అంటాడు. నిజానికిది వయసు గొడవ కాదు, కండరాల గొడవ. వాటికి పెద్ద చరిత్రే ఉంది.

15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు మూలబంధం గురించి చెప్పాడు. మలద్వారం ముందు భాగాన్ని మడమతో నొక్కి, అక్కడి కండరాలని బిగించి పైకి లాగడం. అదే శతాబ్దంలో మన గౌరన శ్రీశైలం మఠం కోసం నవనాథ చరిత్రని ద్విపదలో రాశాడు. అంటే హఠయోగానికి గురువులని చెప్పుకునే మత్స్యేంద్రుడు, గోరక్షుడు మన కర్నూలు సీమకి కొత్తవాళ్ళేం కాదు. అలాగని "అన్నీ మనవాళ్ళే కనిపెట్టారు" అని వాట్సాప్‌లో పంపేయకండి :) యోగుల గురి అపానవాయువుని పైకి తిప్పడం మీద, ఒంటేలు ఆపుకోవడం మీద కాదు.

ఇక ఆపరేషన్ సంగతి. 1904లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో హ్యూ యంగ్ క్యాన్సర్ వచ్చిన ప్రోస్టేట్‌ని మొత్తంగా తీసేశాడు. ఒంటేలు ఆపే కవాటాలు రెండు: మూత్రసంచి మెడ దగ్గర ఒకటి, ప్రోస్టేట్ కింద ఇంకోటి. ఆపరేషన్లో పైది దెబ్బతింటుంది. మా భాషలో చెప్పాలంటే మెయిన్ సర్వర్ పోయి, లోడంతా బ్యాకప్ మీద పడుతుంది. ఆ బ్యాకప్‌ని బలపరచడమే ఈ కసరత్తు.

1948లో అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కీగెల్ దీన్ని పద్ధతిగా రాశాడు, కాన్పులైన ఆడవాళ్ళ కోసం. కండరం ఎంత బిగుస్తోందో చూపించే పరికరం కూడా చేశాడు. మగవాళ్ళ మీద గట్టి పరీక్ష రావడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది! 2000లో బెల్జియంలో 102 మందితో చేసిన పరీక్షలో, కసరత్తు నేర్చుకున్నవాళ్ళలో 88 శాతం మందికి మూడు నెలల్లో కారడం ఆగింది. నేర్పనివాళ్ళలో 56 శాతమే.

కథ అక్కడే అయిపోలేదు. 2011లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో, ఒక్కొక్కరికీ విడిగా కూర్చోబెట్టి నేర్పినా ఏడాది తర్వాత తేడా కనబడలేదు. రెండో గుంపులో కూడా చాలామంది ఇంట్లో సొంతంగా చేసుకుంటూనే ఉన్నారు మరి. నాకు అర్థమైందేంటంటే, ఇది మంత్రం కాదు, కోలుకోవడాన్ని కొంచెం తొందరపెట్టే సాయం.

చేసే విధానం తేలికే. గొట్టం తీసేశాక, డాక్టర్ సరేనంటే, గాలి పోకుండా ఆపుకున్నట్టు కొన్ని సెకన్లు బిగించి, అంతసేపూ వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట బిగించకూడదు. రోజుకి మూడు విడతలు. ఏడాదైనా తగ్గకపోతే వేరే చికిత్సలున్నాయి.

ఆదోని, ఎమ్మిగనూరు పెద్దాయనలకి కావలసింది యోగుల ఘనత కాదు. "ఈ కసరత్తు నాకెవరు నేర్పుతారు?" అని ఆపరేషన్‌కి ముందే సిగ్గుపడకుండా అడగడం. ఆయన అడగలేకపోతే పక్కన వెళ్ళే కొడుకో కూతురో అడగొచ్చుగా!