పట్టాకు, జీతానికి ముడిపడిన కథ



మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో ఒక పంతులమ్మగారు వుండే వుంటారు. పొద్దున్నే వంట ముగించి, పిల్లలకు క్యారియర్లు సర్ది, బడికి పరుగెత్తి, సాయంత్రం యింటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడే మనిషి. రాత్రి అందరూ పడుకున్నాక దీపం ముందు కూర్చుని ఎం.ఏ. పరీక్షకు చదువుకుంటూ వుంటారు. "ఈ వయసులో నీకీ చదువెందుకమ్మా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. "రేపు జీతం పెరుగుతుందండీ" అని ఆవిడ మెల్లగా అంటారు.

చదువు పెరిగితే జీతం పెరగడం మనకిప్పుడు సహజంగానే తోస్తుంది. కాని యిది ఎవరో తమంతట తాము దయతలచి యిచ్చింది కాదు. మన దగ్గర పై పట్టా చాలావరకు పై పోస్టుకు అర్హత యిస్తుంది. జూనియర్ కాలేజీ లెక్చరరు కావాలంటే పి.జి. వుండి తీరాలి. అమెరికాలో పద్ధతి కొంచెం వేరు. అక్కడ చాలా వూళ్ళలో అదే తరగతిలో, అదే పిల్లలకు పాఠం చెబుతూనే, ఎం.ఏ. పూర్తిచేస్తే చాలు, జీతం పెరుగుతుంది. ఆ పద్ధతి ఎలా వచ్చిందో ఈ పూట చెప్పుకుందాం. ఎందుకంటే అది చాలామటుకు ఆడవాళ్ళ కథ.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పల్లెల్లో టీచరు జీతానికి ఒక లెక్కంటూ వుండేది కాదు. వూరి పెద్దలు ఎంతకు ఒప్పుకుంటే అంత. కొన్నిచోట్ల జీతంలో కొంత భాగం డబ్బుగా కాక తిండి, బస రూపంలో యిచ్చేవారు. టీచరు ఒక్కో వారం ఒక్కో పిల్లవాడి యింట్లో వుండాలన్నమాట. మగ టీచర్లు తక్కువ జీతానికి రామంటే, "ఆడవాళ్ళయితే చవగ్గా వస్తారు" అని ఆడవాళ్ళను తీసుకోవడం మొదలుపెట్టారు.

స్త్రీల ఓటుహక్కు కోసం జీవితమంతా పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ పేరు మీరు వినే వుంటారు. ఆవిడా మొదట పంతులమ్మే. ఆవిడకు వారానికి రెండున్నర డాలర్లు యిస్తే, అదే పనికి మగ టీచరుకు పది డాలర్లు యిచ్చేవారని ఆవిడ జీవితచరిత్రలు చెబుతాయి. 1853లో రోచెస్టర్ నగరంలో టీచర్ల మహాసభ జరిగింది. సభలో ఆడవాళ్ళే ఎక్కువ, మాట్లాడేది మాత్రం మగవాళ్ళే. మన వృత్తికి లాయరుకీ, డాక్టరుకీ వున్నంత గౌరవం ఎందుకు లేదని వాళ్ళు చర్చిస్తున్నారు. సుసాన్ లేచి మాట్లాడతానంటే, ఒక స్త్రీని మాట్లాడనివ్వాలా వద్దా అని దాదాపు అరగంట వాదించుకున్నారట! చివరికి అవకాశం వచ్చాక ఆవిడ చెప్పిన దాని సారాంశం యిది. లాయరు కావడానికి, డాక్టరు కావడానికి ఆడదానికి తెలివి చాలదంటారు, టీచరు కావడానికి మాత్రం చాలునంటారు. అలాంటప్పుడు టీచరుగా చేరే ప్రతి మగవాడూ తనకూ ఆడదానికున్న తెలివే వుందని ఒప్పుకున్నట్టే కదా! ఆడవాళ్ళకు చవక జీతం యిస్తూ వుంటే, పక్కన పనిచేసే మగవాడి జీతమూ పెరగదు సుమా అని ఆవిడ హెచ్చరిక.

తర్వాత నగరాలు పెరిగాయి, పెద్ద బళ్ళు వచ్చాయి, జీతాలకు పట్టికలు వచ్చాయి. కాని ఆ పట్టికల్లోనే రెండు అన్యాయాలు కూర్చున్నాయి. ఒకటి, ఆడవాళ్ళకో జీతం, మగవాళ్ళకో జీతం. న్యూయార్కులో ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో కొత్తగా చేరిన టీచరమ్మకు సంవత్సరానికి 600 డాలర్లయితే, కొత్తగా చేరిన మాస్టారుకు 900. రెండోది, చిన్న తరగతులకు చెప్పేవాళ్ళకు తక్కువ, హైస్కూల్లో చెప్పేవాళ్ళకు ఎక్కువ. చిన్న తరగతుల్లో వున్నది దాదాపు అందరూ ఆడవాళ్ళే. అ ఆలు దిద్దించడం ఎంత ఓపిక పనో మనకు తెలుసు. ఆ ఓపికకు వాళ్ళు కట్టిన ధర అది!

న్యూయార్కు టీచరమ్మలు వూరుకోలేదు. 1906లో సంఘం పెట్టుకున్నారు. దానికి నాయకురాలు గ్రేస్ స్ట్రాకన్. 1907లో సమాన వేతనం బిల్లును శాసనసభ ఆమోదించినా గవర్నరు తోసిపుచ్చాడు. ఆవిడ పట్టు విడవలేదు. 1910లో ఈ విషయం మీద పుస్తకమే రాశారు. చివరికి 1911లో చట్టం వచ్చింది. మన దేశంలో సమాన వేతన చట్టం వచ్చింది 1976లో. లెక్క మీరే చూసుకోండి.

ఇదే కాలంలో షికాగోలో ఎల్లా ఫ్లాగ్ యంగ్ అనే ఆవిడ వుండేవారు. 1862లో పదిహేడేళ్ళ వయసులో పంతులమ్మగా చేరారు. యాభయ్యేళ్ళ వయసులో జాన్ డ్యూయీ అనే ప్రసిద్ధ తత్వవేత్త దగ్గర విద్యార్థినిగా కూర్చుని, 1900లో, అంటే యాభయ్యైదో ఏట, షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పుచ్చుకున్నారు. 1909లో ఆ నగరంలోని బళ్ళన్నిటికీ సూపరింటెండెంటు అయ్యారు. అంత పెద్ద నగరంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆవిడే. ఈ వయసులో చదువెందుకు అనేవాళ్ళకు ఆవిడ కథ చెబితే సరిపోతుంది.

ఇక అసలు మలుపు 1921లో వచ్చింది. డెన్వర్, డి మొయిన్ అనే రెండు నగరాలు "ఒకే జీతాల పట్టిక" పద్ధతి పెట్టాయి. దాన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక గళ్ళ కాగితం వూహించుకోండి. పైనుంచి కిందికి దిగేకొద్దీ సర్వీసు సంవత్సరాలు. ఎడమనుంచి కుడికి జరిగేకొద్దీ చదువు. మొదటి గడిలో బి.ఏ., తర్వాత దాని పైన కొంత చదువు, తర్వాత ఎం.ఏ., ఆ పైన యింకొంత, చిట్టచివర డాక్టరేటు. మీ సర్వీసు వరస, మీ చదువు వరస ఎక్కడ కలిస్తే అక్కడున్న అంకె మీ జీతం. మీరు ఆడా మగా అని ఆ కాగితం అడగదు. ఒకటో తరగతికి చెబుతారా పదో తరగతికా అనీ అడగదు.

దీంతో చిన్న తరగతుల టీచరమ్మలకు మొదటిసారి ఒక దారి దొరికింది. వాళ్ళలో చాలామంది రెండేళ్ళ ట్రైనింగు మాత్రమే అయినవాళ్ళు. వేసవి సెలవుల్లో కాలేజీల్లో చేరి, ఏడాదికి కొంత చొప్పున బి.ఏ., ఆ పైన ఎం.ఏ. పూర్తిచేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరి దయా అక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. పట్టా తెచ్చి చూపిస్తే గడి మారుతుంది. 1950 నాటికి అమెరికాలో దాదాపు అన్ని చోట్లా ఈ పట్టికే స్థిరపడింది. 1961లో ఎం.ఏ. గాని, అంతకుమించి గాని చదివిన టీచర్లు నాలుగో వంతుకన్నా తక్కువ. ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి సుమారు సగమయ్యారు. 2020-21 నాటికి ప్రభుత్వ బళ్ళలో ఐదుగురిలో ముగ్గురు ఆ చదువున్నవాళ్ళే.

ఇంతవరకు వింటే కథ సుఖాంతమనిపిస్తుంది. కాని దక్షిణాది రాష్ట్రాల్లో ఆ కాగితం ఒక ప్రశ్న మాత్రం మానకుండా అడిగేది: మీరు తెల్లవారా, నల్లవారా?

వర్జీనియా రాష్ట్రంలో నార్ఫోక్ నగరం. అక్కడి నల్లజాతి హైస్కూల్లో ఆలీన్ బ్లాక్ అనే రసాయనశాస్త్రం టీచరు వుండేవారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి మాస్టర్స్ పట్టా తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్ర విశ్వవిద్యాలయాలు నల్లవారిని పై చదువులకు చేర్చుకునేవి కావు. అందుకే చాలామంది నల్లజాతి టీచరమ్మలు వేసవిలో వందల మైళ్ళు ప్రయాణం చేసి ఉత్తరాదికి వెళ్ళి చదువుకునేవారు. అంత కష్టపడి పట్టా తెచ్చుకున్నా, అదే చదువు, అదే అనుభవం వున్న తెల్లజాతి టీచరుకన్నా జీతం చాలా తక్కువ.

1939లో ఆవిడ కోర్టుకెక్కారు. ఆ వేసవిలోనే స్కూలు బోర్డు ఆవిడ ఉద్యోగాన్ని పొడిగించకుండా ఆపేసింది. ఉద్యోగమే లేనప్పుడు జీతం మీద దావా ఎలా నిలుస్తుంది? బడిపిల్లలు అట్టలు చేతబట్టి వీధుల్లో వూరేగారు. ఆవిడ స్థానంలో మెల్విన్ ఆల్‌స్టన్ అనే తోటి మాస్టారు ముందుకొచ్చారు. ఆయన జీతం ఏడాదికి 921 డాలర్లు, అదే అర్హత వున్న తెల్లజాతి మాస్టారుకు 1,200. ఆయన తరఫు లాయర్లలో ఒకరు తుర్గుడ్ మార్షల్. తర్వాత 1967లో అమెరికా సుప్రీంకోర్టుకు మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయినది ఆయనే. 1940లో అప్పీలు కోర్టు రంగును బట్టి జీతం యివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఆలీన్ బ్లాక్ 1941లో తిరిగి నార్ఫోక్ బడిలో చేరారు. ఫలితం అందరికీ దక్కింది. మధ్యలో ఉద్యోగం పోగొట్టుకున్నది మాత్రం ఆవిడ.

అక్కడితో తంటా తీరలేదు. దక్షిణ కరొలైనా 1945లో జీతాన్ని ఒక జాతీయ పరీక్ష మార్కులకు ముడిపెట్టింది. నల్లవారికి మంచి కాలేజీలు అందకుండా చేసినవాళ్ళే, ఆ కాలేజీ చదువును పరీక్షించే మార్కులతో జీతం నిర్ణయిస్తామన్నారు. కొలబద్ద చూడడానికి సమానంగానే వుంటుంది. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో కూడా చూడాలి.

ఇక మరో ప్రశ్న. టీచరుకు ఎం.ఏ. వుంటే పిల్లలకు చదువు బాగా వస్తుందా? ఎరిక్ హనుషెక్ వంటి ఆర్థికవేత్తలు ఎన్నో పరిశోధనలు కలిపి చూసి, అలాంటి సంబంధం నిలకడగా కనబడలేదన్నారు. లెక్కలు చెప్పే టీచరు లెక్కల్లోనే పై పట్టా తీసుకుంటే లాభం కనబడిందని మరికొందరన్నారు. ఏ పట్టా అయినా ఒకటే అనుకోకూడదని దీని అర్థం. ఉత్తర కరొలైనాలో మాస్టర్స్ పట్టాకు పది శాతం అదనపు జీతం యిచ్చేవారు. 2013లో కొత్తగా ఆ పట్టా పుచ్చుకునే టీచర్లలో చాలామందికి దాన్ని ఆపేశారు. సగం చదువులో వున్నవాళ్ళ గతి ఏమిటో ఆలోచించండి!

డెన్వర్ సంగతి మరీ విచిత్రం. 1921లో పట్టికకు దారి చూపిన ఆ నగరమే 2005లో దాన్ని పక్కనబెట్టి బోనసుల పద్ధతి తెచ్చింది. ఏ ఏడు ఎంత వస్తుందో తెలియక టీచర్లు విసిగిపోయారు. 2019 ఫిబ్రవరిలో మూడు రోజులు సమ్మె చేశారు. సర్వీసూ చదువూ లెక్కగట్టే గళ్ళ పట్టిక మళ్ళీ వచ్చింది. నెల జీతంతో యిల్లు నడిపేవాళ్ళకు దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. వస్తుందో రాదో తెలియని పెద్ద మొత్తం కన్నా, వస్తుందని తెలిసిన చిన్న మొత్తం మీదే మనం పాలవాడికి మాట యివ్వగలం.

మీ యింట్లో ఎవరైనా, యిక్కడగానీ అమెరికాలోగానీ, టీచరుగా వుంటూ పై చదువు చదవాలనుకుంటే ముందు కాగితం పెన్సిలు తీసుకుని కూర్చోండి. మాటవరసకు చదువుకు పన్నెండు వేల డాలర్లు ఖర్చయి, జీతం ఏడాదికి మూడు వేలు పెరిగితే నాలుగేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది. ముప్పయ్యేళ్ళ వయసులో అది మంచి బేరం. రిటైరు కావడానికి రెండేళ్ళుండగా అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పెన్షను చివరి జీతాల మీద లెక్కగట్టేచోట ఆ లాభమూ కలుపుకోవాలి. ఏ కోర్సును ఒప్పుకుంటారో చేరకముందే వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. బోధించే సబ్జెక్టులోనే చదివితే జీతంతోపాటు పాఠమూ పెరుగుతుంది.

ఇవన్నీ చూసుకున్నాక కూడా యింట్లో వాళ్ళ సాయం లేనిదే ఆ చదువు సాగదు. మీ యింటి పంతులమ్మ యివాళ రాత్రి పుస్తకం తెరిచినప్పుడు చదువెందుకని అడగకండి. అంట్లు మీరు తోమి, దీపం ఆవిడకు వదిలిపెట్టండి.