సంకర సౌర ఘటాలు: సరిహద్దు తలం సవరణ

కర్బన పాలిమర్‌నూ అకర్బన అర్ధవాహకాన్నీ జోడించిన సౌర ఘటాలలో, ఆ రెండూ తాకే తలాన్ని రసాయనికంగా మార్చి సామర్థ్యం పెంచే పద్ధతి ఇది. ఈ ఘటాల మంచిచెడ్డలు చాలావరకు ఆ పలుచని తలం దగ్గరే తేలిపోతాయి.

పీ3హెచ్‌టీ వంటి పాలిమర్‌పై కాంతి పడగానే విద్యుత్తు పుట్టదు. ముందు ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (రంధ్రం) ఒకదాన్నొకటి పట్టుకున్న ఎక్సిటాన్ ఏర్పడుతుంది. అది సుమారు 10 నానోమీటర్లు కదిలేలోపు సరిహద్దుకు చేరి విడిపోవాలి, లేదంటే నశిస్తుంది. విడిపోయిన ఆవేశాలు అక్కడే మళ్లీ కలిసిపోతే అదీ నష్టమే.

2002లో బర్క్‌లీలో పాల్ అలివిసాటోస్ బృందం పీ3హెచ్‌టీలో కాడ్మియం సెలినైడ్ నానోకడ్డీలు కలిపి 1.7 శాతం సామర్థ్యం సాధించింది. తయారీలో కడ్డీలను కప్పేసే పొడవాటి కర్బన అణువులు ఆవేశాలకు అడ్డుపడతాయి కనుక వాటిని పిరిడిన్‌తో తొలగించారు.

టైటానియం డయాక్సైడ్ విషయంలో తొలగించడం కాదు, అతికించడమే కీలకం. బెంజోయిక్ ఆమ్ల ఉత్పన్నాల కార్బాక్సిల్ కొస ఆక్సైడ్‌ను పట్టుకుంటుంది, రెండో కొస పాలిమర్ వైపు నిలుస్తుంది. ఆ అణువు ద్విధ్రువ దిశను బట్టి శక్తిస్థాయిలు జరిగి, ఓల్టేజీ పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఓల్టేజీ కోసం స్థాయిని మరీ పైకి జరిపితే ఎలక్ట్రాన్ బదిలీకి కావలసిన ఊపు తగ్గుతుంది. అణువు ఎంపికలో అసలు కష్టం ఇదే. రుథీనియం రంజకాలైతే తలాన్ని సవరిస్తూనే కాంతినీ గ్రహిస్తాయి.

పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో చేసే సౌర ఘటాలలోనూ ఇలాగే తలానికి అతుక్కునే, ఫాస్ఫోనిక్ ఆమ్ల కొస గల ఏకాణు పొరలు ఇప్పుడు రంధ్రాలను సేకరించే పనిచేస్తున్నాయి.