బందరులో నేలమాళిగలు ఎందుకు లేవు?

మొన్నామధ్య ఆఫీసు పని మీద మాడ్రిడ్ వెళ్ళినప్పుడు ఒక శనివారం ఖాళీ దొరికింది. ఉత్తరాన 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరండా డె దుయెరో అనే పాత ఊరు చూసొచ్చా. ఆ ఊరి కింద ఇంకో ఊరుంది! మధ్యయుగాల్లోనే జనం ఇళ్ళ కింద పది మీటర్ల లోతున సొరంగాలు తవ్వి వైన్ దాచుకున్నారు. పైన ఎండ మండిపోతున్నా లోపల ఏడాది పొడుగునా 12 డిగ్రీల దగ్గరే. కరెంటు బిల్లు లేని ఏసీ అన్నమాట. మన డేటా సెంటర్ వాళ్ళు చూస్తే కుళ్ళుకుంటారు :-)

మెట్లు దిగుతుంటే బందరు గుర్తొచ్చింది. 1605 నుంచి డచ్చివాళ్ళు, 1611 నుంచి ఇంగ్లీషువాళ్ళు వ్యాపారం చేసిన రేవు కదా, మనకి ఇలాంటివి ఎందుకు లేవు?

జవాబు తేలికే. అక్కడ కాస్త తవ్వితే చాలు నీళ్ళు, అవీ ఉప్పునీళ్ళు. పాతర వెయ్యడం మెట్ట ప్రాంతం వాళ్ళకి కుదురుతుంది. గుడివాడ, దివిసీమ రైతు మాత్రం వరిగడ్డి తాడు చుట్టి పురి కట్టి, ధాన్యాన్ని నేల మీదే దాచుకున్నాడు.

నేల మీద ఉన్నదాన్ని సముద్రం వదులుతుందా? 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు.

అలాగని తప్పంతా సముద్రం మీదకి తోసేస్తే ఎలా? 1750లో ఫ్రెంచివాళ్ళకి దక్కి, 1759లో కల్నల్ ఫోర్డ్ రాత్రిపూట దాడి చేసి పట్టుకున్న బందరు కోట ఇప్పుడు శిథిలాలుగా మిగిలింది. అరండాలో కూడా వైన్ తయారీ ఊరి బయటి ఫ్యాక్టరీలకి పోయాక ఆ సొరంగాలతో పని లేకుండా పోయింది. కానీ స్నేహితుల సంఘాలు కొన్నిటిని తమ అడ్డాలుగా చేసుకున్నాయి. అక్కడే తింటారు, తాగుతారు, పాడుకుంటారు. కొన్నిటిని మాలాంటి వాళ్ళకి చూపిస్తున్నారు. వాడుకలో ఉన్నాయి కాబట్టి నిలిచాయి. మన కలంకారీ మాత్రం? పెడనలో ఇంకా బట్ట అద్దుతున్నారు, మనం కొంటున్నాం కాబట్టే బతికింది.

కోటకి మాత్రం మనం ఏ పనీ చెప్పలేదు. మంగినపూడి బీచికి వెళ్ళే కార్లలో ఎన్ని కోట వైపు తిరుగుతాయి? అంతెందుకు, వెళ్ళిన ప్రతిసారీ లడ్డూ కొనుక్కుని తిరుగు బస్సెక్కిన వాణ్ణే నేనూ. స్పెయిన్‌లో టిక్కెట్టు కొని మరీ సొరంగం దిగినవాణ్ణి, బందరులో ఉచితంగా కూడా కోట చూడలేదు.

ఈ సంక్రాంతికి ముందు కోట, డచ్చి సమాధులు. ఆ తర్వాతే లడ్డూ. ఎవరైనా వస్తారా?